మౌనుల ప్రేమలేఖలు

రుక్మిణీదేవి తన మనస్సును అగ్నిద్యోతనుని చేతికిచ్చి ద్వారకకు పంపిన ఘట్టమును పోతనామాత్యుని భాగవతమున చదువుకొని పెరిగిన తెలుగువారికి, ప్రేమసందేశమనగనే రహస్యము స్ఫురించుట సహజము. కన్నవారికి తెలియరాదు, అన్నయైన రుక్మి చెవిని పడరాదు, ముహూర్తము మించిపోరాదు. ఆ గోప్యతయే ఆ సందేశమునకు ప్రాణము. దమయంతి యెదుట నలుని గుణములు వర్ణించిన హంసయు చెలికత్తెలు దూరమైన పిమ్మటనే నోరు విప్పినది. అట్లుగాక, తల్లిదండ్రుల యనుమతితో, సంఘమువారందరి యెరుకలో, పెద్దలు వరుని నడతను వధువు సమ్మతిని విచారించుచుండగా, ఆ బట్టబయటి బాటనే నడచుచు, అయినను ఇరువురకు మాత్రమే చెందిన ఏకాంతమొకటి కాగితముపై కల్పించుకొనిన జనులు పదునేడవ శతాబ్దమునుండి ఇంగ్లండు దేశమున కలరు. వారే క్వేకర్లు. స్వాతంత్ర్యోద్యమ దినములలో గాంధీమహాత్మునకును బ్రిటిషు పాలకులకును నడుమ సామరస్యము కుదుర్చుటకు పాటుపడిన హోరేసు అలెగ్జాండరు ఈ సమాజమువాడే. ఆ సమాజమున పెండ్లి నిశ్చయమగుచున్న స్త్రీపురుషులు ఒకరికొకరు ఎట్లు వ్రాసికొనిరి, ఆ వ్రాతకు వారి జీవితమున ఎట్టి స్థానమున్నది, అను విషయమును ఒక జంట కథను ఆధారముగా గైకొని ఇచట వివరింప నుద్దేశించితిని.

లీస్టరుషైరులో ఒక నేతగాని కుమారుడై 1624లో జన్మించిన జార్జి ఫాక్సు, యౌవనమున మనశ్శాంతికై ఊరూర తిరిగి, ఏ మతాచార్యుని బోధచేతను తృప్తి చెందక, దైవజ్యోతి ప్రతి మానవుని యంతరంగమునను వెలుగుచునే యున్నదనియు, దానిని దర్శించుటకు పురోహితుడును దేవాలయమును నడుమ నిలువ నక్కరలేదనియు నిశ్చయించుకొని, 1652 మొదలు ఉత్తర ఇంగ్లండున బహుజనులను తన మార్గమునకు త్రిప్పెను. దేవుని వాక్కు విని వణకుమని యాయన బోధింపగా, 1650లో డార్బీ పట్టణపు న్యాయాధికారి యొకడు ఆ మాటనే పట్టుకొని వారికి క్వేకర్లని, అనగా వణకువారని, హేళనగా పేరు పెట్టెను. ఆ పేరే లోకమున నిలిచినది. వారు తమకు తాము పెట్టుకొనిన పేరు మాత్రము మిత్రులు. వారి ప్రార్థనలో మంత్రము లేదు, సంకీర్తనము లేదు, వేదిక లేదు. అందరును మౌనముగా కూర్చుందురు. అంతరాత్మ ప్రేరణ కలిగినవారు, స్త్రీయైనను పురుషుడైనను, లేచి తమకు తోచిన నాలుగు మాటలు పలికి మరల కూర్చుందురు. ఎవ్వరికిని ప్రేరణ కలుగనిచో ఆ గడియ సంపూర్ణమౌనముననే గడచును.

మాటను ఇంత పొదుపుగా వాడువారికి మాట విలువ యెట్టిదో తెలిసికొనుటకు వారి మరియొక నియమమును గమనింపవలెను. వారు ఏ న్యాయస్థానమునందును, ఏ ప్రభువు నెదుటను ప్రమాణము చేయరు. దేవునిపై ఒట్టుపెట్టి పలికిన పలుకే సత్యమైనచో, ఒట్టు లేని పలుకులందు అసత్యమునకు చోటిచ్చినట్లే కదా యని వారి వాదము. ఈ నియమమును వదలనందులకు వారు వేలకొలది చెరసాలల పాలైరి. 1662లో పార్లమెంటు చేసిన శాసనము ప్రమాణ నిరాకరణమును శిక్షార్హమైన నేరముగా నిర్ణయించెను. ప్రమాణము చేయనివానికి ప్రతి మాటయు ప్రమాణమే. అంగడిలో ధర చెప్పినను, ఇంట బిడ్డను లాలించినను, కన్నెకు ప్రేమలేఖ వ్రాసినను, వాని నాలుకకును కలమునకును తూనిక ఒక్కటే. పొగడ్తలును అతిశయోక్తులును ప్రేమలేఖకు అలంకారములని లోకము తలచుచున్న కాలమున, అవి పాపములని నమ్మినవాడు తన ప్రేయసికి ఏమి వ్రాయగలడు? ఈ ప్రశ్నయే వారి లేఖలకు విలక్షణతను ప్రసాదించినది.

వారి సంబోధనమున గల విశేషము తెలుగువారికి మిక్కిలి సులభముగా బోధపడును. ఆ కాలపు ఇంగ్లీషున మన భాషయందువలెనే నీవనుటకు ఒక మాటయు, గౌరవముతో మీరనుటకు ఒక మాటయు ఉండెడివి. అధికులను మీరనియు, సేవకులను, బిడ్డలను, అతిసన్నిహితులను నీవనియు పిలుచుట మర్యాద. దేవుని యెదుట అందరును సములే కనుక ఒకరిని మీరని యొకరిని నీవని పిలుచుట సత్యమునకు భంగమని తలచి, క్వేకర్లు రాజును బంటును ఒక్క తీరుననే నీవని పిలిచిరి. మన యిండ్లలో తరతరములుగా భర్త భార్యను నీవనుటయు, భార్య భర్తను మీరనుటయు ఆచారమై యున్నది. ఆ సమాజమున మాత్రము వరుడు వధువును, వధువు వరుని, ఆ ఒక్క పదముతోనే పలుకరించిరి. ఇందు ఒక కష్టమును కలదు. లోకమంతటికిని ఆ చనువు పదమునే పంచిపెట్టినవాడు, తన హృదయమునకు దగ్గరైన ఒక్కతెను వేరుపరచి పిలుచుటకు మరి యే పదమును వెదకవలెను? వారు వెదకుకొనిన పదము సైతము సమాజమంతటికిని ఉమ్మడిదే: మిత్రురాలు. అందరును మిత్రులైన చోట ప్రియతమ మిత్రురాలవని వ్రాయుటలో ఎంత లోతున్నదో, ఆ లేఖలు చదువునపుడే తెలియును.

లేఖల తలకట్టున వారు వ్రాసికొను తేదీయు ఇట్టి విశ్వాసమునకే సాక్షి. వారములకును నెలలకును అన్యదేవతల పేర్లుండుట సరికాదని వారు ఆదివారమును మొదటి దినమనియు, నెలలను వరుస సంఖ్యలతోను పిలిచిరి. 1752లో ఇంగ్లండున పంచాంగము మారువరకు వారి మొదటి నెల మార్చి. మన చైత్రము వచ్చు కాలముననే వారికిని సంవత్సరారంభమగుచుండెడిది. కావున ఆ నాటి లేఖపై ఏడవ నెల యని యున్నచో దానిని మనము సెప్టెంబరుగా గ్రహింపవలెను.

ఇక వివాహవిధి. ఇరువురను దంపతులుగా కూర్చువాడు దేవుడే గాని పురోహితుడు కాడనియు, మిగిలినవారు కేవలము సాక్షులనియు ఫాక్సు బోధించెను. పెండ్లాడదలచిన జంట ముందుగా తల్లిదండ్రుల సమ్మతిని పొంది, తమ ప్రాంతపు మాసిక సభయెదుట నిలిచి తమ సంకల్పమును ప్రకటింపవలసియుండెను. ఆ కాలమున పురుషుల సభకు వేరుగా స్త్రీల సభ యుండెడిది. ఆ సభయు వివాహములను విచారించుచుండెను. ఇరువురిలో ఎవ్వరికైనను వెనుకటి పెండ్లిమాటలున్నవా, ఋణములున్నవా, మొదటి వివాహపు బిడ్డలున్నచో వారి ఆస్తికి రక్షణ కుదిరినదా యని తెలిసికొనుటకు సభవారు ఇద్దరేసిని నియమించుచుండిరి. తరువాతి సభలో ఆ జంట రెండవమారు కనబడి తమ సంకల్పము మారలేదని చెప్పవలసియుండెను. ఇట్లు నిష్కళంకమని తేలిన పిమ్మటనే వివాహదినము నిర్ణయమగుచుండెను. ఆ దినమున ఉంగరముండెడిది కాదు, కన్యాదానము చేయువారుండెడివారు కారు. మౌనసభ నడుమ ఇరువురును లేచి, చేయి చేయి పట్టుకొని, ఒకరినొకరు స్వీకరించుచున్నామని తమ నోటనే చెప్పుచుండిరి. ఆ మాటలు వ్రాసిన పత్రముపై వధూవరులు చేవ్రాలు చేసిన పిదప, సభలోనున్నవారందరును సాక్షులుగా చేవ్రాళ్లు చేయుచుండిరి. ఫాక్సు తానే 1669 అక్టోబరులో బ్రిస్టలు నగరమున, విధవరాలైన మార్గరెట్ ఫెల్లును ఈ విధముననే పెండ్లాడెను. అంతకు ముందు ఆమె కుమార్తెలను అల్లుండ్రను పిలిపించి వారి సమ్మతిని అడిగి తెలిసికొనెను.

పురోహితుడు లేని పెండ్లి పెండ్లియే కాదని వాదించినవారు లేకపోలేదు. అయినను 1661లో నాటింగుహాములో వచ్చిన యొక వ్యాజ్యమున అట్టి వివాహము చెల్లుననియే తీర్పు వెలువడెను. 1753లో దేశమంతటికిని వివాహశాసనము చేసినపుడు క్వేకర్లకును యూదులకును దానినుండి మినహాయింపు లభించెను. తాళి లేని చోట, ఉంగరము లేని చోట, ఒట్టు లేని చోట, మాటయే మంగళసూత్రమైనది. అట్టి మాటను సభలో ఒక్కమారు పలుకుటకు ముందు, దానిని మనస్సులో మరల మరల పరీక్షించుకొనుటకు ఏర్పడిన స్థలమే లేఖ. ఆ కాలమున అంచె టపాలోని ఉత్తరమునకు కవరును లేదు, తపాలాబిళ్లయు లేదు. వ్రాసిన కాగితమునే మడిచి లక్కతో ముద్రవేసి, వెలుపలి మడతపై విలాసము వ్రాసెడివారు. 1660 నాటి శాసనము చొప్పున ఒక్క కాగితమునకు ఎనుబది మైళ్ల వరకు రెండు పెన్నీలు, ఆ పైని దూరమునకు మూడు పెన్నీలు. కాగితములు రెండైనచో రుసుమును రెట్టింపే. ఆ రుసుమును సామాన్యముగా అందుకొనువారే చెల్లింపవలసియుండెను. ఏ మాట వ్రాయదగినదో ఏది కాదో వ్రాయువాని యంతరాత్మయే కాక టపా రుసుమును నిర్ణయించుచుండెను.

ఇట్టి ఏర్పాట్ల నడుమ, 1695లో, ససెక్సు సీమలోని వర్మింగుహర్స్టు గృహమునుండి బ్రిస్టలు నగరమునకు కొన్ని లేఖలు వెడలినవి. వ్రాసినవాడు విలియం పెన్. అందుకొన్నది హన్నా కాలోహిల్. పెన్ పేరు ఎరుగనివారు అరుదు. నౌకాధిపతి కుమారుడై 1644లో పుట్టి, యౌవనముననే క్వేకరు మతము స్వీకరించి, తండ్రి యాగ్రహమునకును రాజు కారాగృహమునకును గురియై, 1681లో రెండవ చార్లెసు వలన అమెరికాలో విశాలమైన భూభాగమును పొంది, అచట పెన్సిల్వేనియా యను రాష్ట్రమును స్థాపించినవాడాతడు. అతని మొదటి భార్య గులీల్మా స్ప్రింజెట్. ఆమెతోడి వివాహమును సుదీర్ఘమైన నిరీక్షణము పిమ్మటనే, 1672లో జరిగెను. ఆ నడిమి కాలమున అతడు లండను గోపురదుర్గమునందును న్యూగేటు చెరయందును బందీయై గడపెను. 1682లో అమెరికాకు నావయెక్కుటకు ముందు, మరల చూతునో లేదో యని, ఆమెకును బిడ్డలకును అతడు వ్రాసిపెట్టిన ఉత్తరము క్వేకరు సాహిత్యమున చిరస్మరణీయమైనది. అట్టి గులీల్మా 1694 ఫిబ్రవరిలో కన్నుమూసెను.

హన్నాకు వ్రాయనారంభించునాటికి పెన్ వయస్సు ఏబదియేండ్లు దాటినది. పదవీచ్యుతుడైన రెండవ జేమ్సు రాజుతోడి స్నేహము వలన కొత్త ప్రభుత్వము అతనిని అనుమానించి, రెండేండ్లపాటు అతని రాష్ట్రమును స్వాధీనము చేసికొని, 1694లో తిరిగి యిచ్చెను. ఋణభారము పెరుగుచుండెను. ఇంట తల్లి లేని బిడ్డలు మువ్వురు. హన్నా బ్రిస్టలు వర్తకుడైన థామసు కాలోహిల్ కుమార్తె. ఆమె మాతామహుడు డెన్నిసు హాలిస్టరు ఆ నగరపు తొలి క్వేకర్లలో ఒకడు. ఆమె వయస్సు సుమారు ఇరువదినాలుగు. పెన్ పెద్ద బిడ్డలకు ఆమె సవతి తల్లి వయస్సుది కాదు, అక్క వయస్సుది. తండ్రి వ్యాపారమును దగ్గరనుండి చూచి లెక్కలలోను వ్యవహారమునను ఆరితేరిన ఆ యువతి, పేరు గల పురుషుడు అడిగినంతనే తలయూచుట కంగీకరింపలేదు. నేటికి మనకు దక్కినవి విశేషముగా పెన్ వ్రాసిన జాబులే. కాని అతని మాటలలోనే ఆమె సంకోచము అడుగడుగునను వినబడుచుండును. ఒక వైపు గోడపై పడిన నీడను చూచి మనిషి రూపును ఊహించినట్లు, అతని విన్నపమునుబట్టి ఆమె నిరీక్షణమును, అతని తొందరనుబట్టి ఆమె నిదానమును మనము గ్రహింపవలసియున్నది.

ఆ జాబులలో పెన్ తన పదవిని చెప్పుకొనడు, రాష్ట్రమును చెప్పుకొనడు. దైవభక్తియు అనురాగమును ఆ వాక్యములందు ఎట్లు పెనగొనియున్నవనగా, ఎచట ప్రార్థన ముగిసినదో, ఎచట ప్రణయము మొదలైనదో చెప్పుట దుర్ఘటము. ఇది కపటమని తలచుటకు వీలులేదు. ఆమెను తనకు చూపినది అంతర్జ్యోతియే యని నమ్మినవానికి ఆ రెండును వేరు కావు. 1693లో తాను ప్రకటించిన సుభాషితముల వంటి యొక చిన్న పుస్తకమున అతడు, ధనముకొరకో వంశముకొరకో కాక ప్రేమకొరకే వివాహమాడవలెననియు, ఆ ప్రేమ యోగ్యమైన గుణములపై నిలువవలెననియు లోకమునకు చెప్పియుండెను. రెండేండ్లకే ఆ బోధను తనకు తాను అన్వయించుకొనవలసిన సమయము వచ్చినది. ధనవంతుని కుమార్తెను అడుగుచున్న ఋణగ్రస్తుడు, యువతిని అడుగుచున్న ప్రౌఢుడు, తన ప్రేమ నిజమైనదని ఒట్టు పెట్టుకొనకయే నమ్మింపవలసియున్నాడు. లేఖ తరువాత లేఖ వ్రాయుటకంటె అతనికి గత్యంతరమేమున్నది?

కొంతకాలమునకు హన్నా సమ్మతించెను. అటుపిమ్మట నియమానుసారముగ బ్రిస్టలు సభ యెదుట ఇరువురును నిలిచి తమ సంకల్పమును తెలిపిరి. దేశదేశములందు పేరుమోసిన పెన్, సామాన్యుడైన ఏ వడ్రంగి కుమారునివలెనే, ఆ పెద్దల విచారణకు లోబడెను. వారి లెక్కలో మొదటి నెల అయిదవ దినమున, అనగా 1696 మార్చి 5న, బ్రిస్టలు సభామందిరమున వివాహము జరిగెను. అయిదారు వారములు తిరుగకమున్నే, ఏప్రిలులో, పెన్ జ్యేష్ఠపుత్రుడు స్ప్రింజెట్ క్షయరోగముచే మరణించెను. నవవధువుగా అత్తవారింట అడుగిడిన హన్నాకు తొలుత ఎదురైనది ఆ దుఃఖము. మూడేండ్ల పిమ్మట భర్తతో సముద్రము దాటి పెన్సిల్వేనియాకు వెళ్లెను. 1700 జనవరిలో ఫిలడెల్ఫియాలో ఆమెకు జాన్ అను కుమారుడు కలిగెను. 1701లో వారు ఇంగ్లండునకు మరలి వచ్చిరి.

ఇంతవరకు ఆ నియమముల మంచినే చెప్పితిని. వాని కాఠిన్యమును దాచుట ధర్మము కాదు. సమాజమునకు వెలుపలివారిని పెండ్లాడినవారిని క్వేకర్లు చిరకాలము తమనుండి వెలివేసిరి. దక్షిణ కరొలినాలోని చార్ల్‌స్టను నగరమున, బానిసల నేలిన యొక న్యాయమూర్తి యింట 1805లో పుట్టిన ఏంజెలీనా గ్రిమ్కీ, బానిసత్వమును సహింపలేక ఇల్లు విడిచి, ఫిలడెల్ఫియా చేరి క్వేకరుగా మారినది. ఆ దురాచారముపై పోరాడుచున్న థియొడోరు వెల్డు ఆ సమాజమువాడు కాడు. 1838 ఫిబ్రవరిలో, ఆమె మసాచుసెట్సు శాసనసభ సంఘము నెదుట ప్రసంగించుటకు సిద్ధమగుచున్న దినములలో, అతడు తన ప్రేమను తెలుపుచు జాబు వ్రాసెను. అప్పటినుండి మే 14న వివాహమగువరకు వారు నడపిన ఉత్తరములు 1934లో అచ్చుపడినవి. తమ దోషములను ఒకరికొకరు దాపరికము లేక విప్పిచెప్పుకొనుటయు, తమ ప్రేమ తమ పోరాటమునకు అడ్డగునేమోయని నిజాయితీతో తర్కించుకొనుటయు ఆ లేఖలనిండ కనబడును. వివాహసభలో వారు ముందుగా కూర్చుకొనిన మంత్రమేదియు లేక, ఆ క్షణమున తోచిన మాటలతోనే ఒకరినొకరు స్వీకరించిరి. భార్య ఆస్తిపై చట్టము భర్తకిచ్చిన అధికారమును వెల్డు అందరియెదుట త్యజించెను. ఇంతకంటె క్వేకరు వివాహము వేరొండు కలదా? అయినను వెలుపలివానిని వరించినందులకు ఏంజెలీనాను, ఆ పెండ్లికి హాజరైనందులకు ఆమె అక్క సారాను సమాజము వెలివేసినది. మాటయందలి సత్యమును బోధించినవారు, ఆ సత్యము తమ గడప దాటి కనబడినపుడు గుర్తింపలేకపోయిరి. ఇంగ్లండు క్వేకర్లు 1860 ప్రాంతమున గాని ఈ నియమమును సడలింపలేదు.

మరల బ్రిస్టలునకు వత్తము. 1712 అక్టోబరులో పెన్ ఆ నగరముననే యుండి, ఫిలడెల్ఫియాలో తన కార్యదర్శియైన జేమ్సు లోగనునకు జాబు వ్రాయుచుండెను. వాక్యము నడుమ పక్షవాతము సోకి కలము ఆగిపోయెను. కొన్ని దినములకు హన్నా ఆ అసంపూర్ణ లేఖకు తన మాటలను చేర్చి సముద్రము దాటించెను. అటుపిమ్మట 1718 జులైలో మరణించువరకు పెన్ రాచకార్యములు చూడగల స్థితికి రాలేదు. ఋణదాతలతో బేరములు, సరిహద్దులపై మేరీలాండు ప్రభువుతో తగవు, ప్రభుత్వముతో సంప్రదింపులు, గవర్నరునకు ఆదేశములు, ఇవన్నియు ఆమె చేతివ్రాతతోనే నడచినవి. భర్త మరణానంతరమును, 1726 డిసెంబరులో తాను కన్నుమూయువరకు, ఆమె ఆ రాష్ట్రమును ఉత్తరముల ద్వారా ఏలినది. 1984లో అమెరికా ప్రభుత్వము ఆ దంపతులిరువురకును గౌరవ పౌరసత్వము ప్రసాదించెను; ఫిలడెల్ఫియాలో ఆమె పుట్టింటి పేరు నేటికిని ఒక వీథికి నిలిచియున్నది.

1695 నాటి లేఖలను చదువునపుడు, బదులు పలుకు చేతివ్రాత మనకు కనబడక చిత్తము వెలితి చెందును. ఆ కన్య యేమి వ్రాసెనో, ఎన్నిమారులు కాదనెనో, ఏ మాటతో తుదకు ఔననెనో యని మనస్సు వెదకుకొనును. ఆ వెలితి పదునేడేండ్లకు తీరినది. భర్త చేయి జారిన చోట ఆమె కలము పట్టినది. అతడు ముగింపలేని వాక్యమును అక్కరకు వచ్చినట్లు ముగించినది. ఆ పిమ్మట పదునాలుగేండ్లు ఆ కలమును క్రింద పెట్టలేదు. సభలో ఒక్కమారు పలికి సాక్షులచేత చేవ్రాలు చేయించిన ఆ మాటకు, ఒట్టు పెట్టని ఆ మాటకు, ఆమె వ్రాసిన ప్రత్యుత్తరము అదియే.